డబ్బులు కట్టి మరీ ప్రకటనలు చూస్తున్నా: మోడల్ రైల్వే వీడియోల సభ్యత్వం వదిలించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సత్యనారాయణపురం గేటు (విజయవాడ)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, కడుపుమంటతో రాస్తున్నా, ఓపిక పట్టండి.

నిరుడు మోడల్ రైల్వే (అచ్చం అసలువాటిలా ఉండే చిన్న సైజు రైళ్ళు, పట్టాలు) వీడియోలు పెట్టే ఒక అమెరికా సైట్‌లో చేరాను. పేరు రాయను, ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు. మొదటి ఏడాదికి మూడు వందలు కూడా లేదు, పోతే ఒక బిర్యానీ డబ్బులు అనుకున్నా. మొన్న పన్నెండో తారీఖు పొద్దున్నే రెండో ఏడాదికని కార్డు మీద ₹6,600 పోయింది, దాని వెనకే విదేశీ లావాదేవీ చార్జీ 3.5 శాతం, ఆ చార్జీ మీద మళ్ళీ జీఎస్టీ, అది ఇంకో ₹273. ఓటీపీ లేదు, పాడూ లేదు. మెసేజ్ నాకంటే ముందు మా ఆవిడ చూసింది. ఆ తర్వాత ఇంట్లో ఏమైందో ఇక్కడ రాయను.

పోనీ చూడటానికైనా సుఖంగా ఉంటుందా అంటే అదీ లేదు. డబ్బు కట్టిన సభ్యుణ్ణి కదా, అయినా ప్రతి వీడియో ముందూ అదే ఆయన వచ్చి అదే నవ్వు నవ్వి ఇంకో పై తరగతి సభ్యత్వం గురించి చెబుతాడు, దాన్ని దాటించడానికి వీల్లేదు. వెతికితే నలభై వీడియోలు వస్తాయి, సగం ఒకే పాత సినిమాని మూడేసి నిమిషాల ముక్కలు చేసి తలా ఒక పేరు పెట్టినవే. మొన్న పట్టాల మధ్య కంకర అతికించడం ఎలాగో చూద్దామని కూర్చున్నా. ఇరవై నిమిషాలు వాళ్ళ కంకర ప్యాకెట్ గురించీ వాళ్ళ జిగురు సీసా గురించీ చెప్పి, తీరా జిగురు పోసే చోటికి వచ్చేసరికి 'మిగతాది పై తరగతి వారికి' అని ఆగిపోయింది. అన్నం వడ్డించి చెయ్యి పట్టుకున్నట్టు.

ఆ ప్యాకెట్లు తెప్పించుకుందామంటే సుంకాలు తెలిసిందే కదా, బొమ్మల మీద 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70. గుప్పెడు గులకరాళ్ళకి అంత పెట్టి అమెరికా నుంచి తెప్పిస్తే కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి నన్ను చూసి నవ్వరూ?

ఇంకో విషయం. నాది ఎనిమిది అడుగులు బై మూడు అడుగుల బల్ల, హెచ్‌ఓ స్కేలు (అసలు సైజులో 87వ వంతు). పాత గుడివాడ లైను మా పేట మీదుగా పోయేటప్పటి లెవల్ క్రాసింగ్ చేద్దామని (ఇప్పుడక్కడ బీఆర్‌టీఎస్ రోడ్డు, పట్టాలు ఉండేవంటే పిల్లలు నమ్మరు). బల్ల మేడ మీద గదిలో ఉంది. మే నెలలో తలుపు తీసి చూస్తే పట్టా నడుమ పాములాగా వంకర తిరిగి ఉంది. దీని మీద ఆ సైట్‌లో ఒక్క ముక్క లేదు, వాళ్ళందరివీ చల్లటి నేలమాళిగలాయె.

డబ్బు వెనక్కి వస్తుందా? రద్దు చేద్దామంటే వెబ్‌సైట్‌లో ఎక్కడా నొక్కడానికి లేదు, ఫోన్ చెయ్యాలట, అదీ వాళ్ళ ఆఫీసు వేళల్లో, అంటే మనకు రాత్రి ఏడున్నర తర్వాత. రెండు రోజులు చేశా. సంగీతం బాగుంది.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

అన్నా, నేను బ్యాంకులోనే పని చేస్తా, అందుకని ఇది మాత్రం కచ్చితంగా చెప్పగలను. నువ్వు మొదటిసారి కట్టినప్పుడు ఒక ఓటీపీ కొట్టి ఉంటావు చూడు, అది ఆ మూడు వందలకే కాదు, ఏటేటా తీసుకోవడానికి కూడా ఒప్పుకున్నట్టు. దాన్నే ఈ-మ్యాండేట్ అంటారు. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు నీకు మెసేజ్ రావాలి, వద్దనుకుంటే ఆపుకునే దారి కూడా అందులోనే ఉండాలి. పదకొండో తారీఖో అంతకు ముందో వచ్చిన మెసేజ్‌లు ఒకసారి చూడు, లోన్ ఆఫర్ల మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. అందరూ అక్కడే పోగొట్టుకుంటారు.

ఓటీపీ ఎందుకు అడగలేదంటే, మొదట్లో ఐదు వేలు దాటితే అడగాలని ఉండేది, 2022లో దాన్ని పదిహేను వేలు చేశారు. నీ ఆరు వేల ఆరు వందలు పాత లెక్కలో అయితే ఆగేది.

ఇప్పుడు చెయ్యాల్సింది, ఫోన్ కోసం కూర్చోకు. ముందు మీ బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ రద్దు చెయ్యి, దానికి వాళ్ళ అనుమతి అక్కర్లేదు. కార్డు మీద విదేశీ వాడకం కూడా ఆపెయ్, కావాల్సినప్పుడు మళ్ళీ తెరుచుకోవచ్చు. ఆ తర్వాత వాళ్ళకి మెయిల్ పెట్టు, రెండు లైన్లే, తిట్లు వద్దు: ఫలానా తేదీన తీశారు, ఆ తర్వాత నేను ఒక్క వీడియో కూడా చూడలేదు, రద్దు చేసి తిరిగి ఇవ్వండి. మెయిల్ పెట్టినట్టు రుజువు ఉంటే తర్వాత బ్యాంకులో డిస్ప్యూట్ వెయ్యడానికి పనికొస్తుంది. మ్యాండేట్‌కి నువ్వే ఒప్పుకున్నావు గనక డిస్ప్యూట్ గెలుస్తావని మాత్రం నేను మాటివ్వను.

పన్నెండు తర్వాత ఆ కంకర వీడియో చూశావా? చూసి ఉంటే ఆ వాక్యం రాయకు మరి.

ఎన్‌స్కేలు పిచ్చోడు

అందరూ ఇలా తిట్టడమేనా బ్రో. నేను మూడేళ్ళుగా సభ్యుణ్ణే. వ్యాగన్లకి తుప్పు రంగు వెయ్యడం, డీసీసీ డీకోడర్ (ఇంజన్‌ని డిజిటల్‌గా నడిపించే చిప్) బిగించడం అక్కడే నేర్చుకున్నా, ఒక టెక్నిక్‌తో నా పాత డబ్బా వ్యాగన్ అచ్చం రాయనపాడు వర్క్‌షాపు బయట నిలబెట్టినట్టు తయారైంది. రెన్యువల్ ముందు రద్దు చేస్తానని ఒక మాట అంటే సగం ధరకి ఇస్తారు, ప్రతి ఏడూ అదే పని. ఎవరు పూర్తి ధర కడతారు?

బ్రాడీపేట నాలుగో లైను

అంటే అడిగినవాడికి సగం, అడగనివాడికి పూర్తి. దాన్ని మంచి సర్వీసు అంటావేంటి తమ్ముడూ, కూరగాయల బేరమా?

మాచర్ల మీటరుగేజి (గుంటూరు)

నేను రైల్వేలో పట్టాల పనిలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను, మీ డబ్బు గొడవలు నాకు తెలియవు. ఆ పట్టా వంకర సంగతి చూసి ఆగలేక రాస్తున్నా.

నాయనా, గ్యాప్ వదిలావా? ఫిష్‌ప్లేట్ల (పట్టా ముక్కల్ని కలిపే రేకుల) దగ్గర రెండు ముక్కలూ గట్టిగా ఆనించి సోల్డర్ కొట్టేసి ఉంటావు. నికెల్ సిల్వర్ పట్టా ఎనిమిది అడుగుల పొడవుకి, ఇరవై డిగ్రీల తేడాకి, ముప్పాతిక మిల్లీమీటరు పెరుగుతుంది. అంతేనా అనుకోకు. రెండు చివర్లూ బిగించి ఉంటే ఆ ముప్పాతిక ఎటు పోవాలి? నడుమ పక్కకి తంతుంది, అంగుళం దాకా వంకర వస్తుంది. అసలు లైన్లో కూడా ఇంతే. ఎండాకాలం మధ్యాహ్నం మా వాళ్ళు తడిగుడ్డ తలకి చుట్టుకుని పెట్రోలింగ్ తిరిగేది దీని కోసమే, పట్టా ఎక్కడ పక్కకి ఒరుగుతోందో చూడటానికి. వంకర మీదికి బండి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మూడు అడుగులకో జాయింటు సోల్డర్ లేకుండా వదులు. చలికాలంలో పరిస్తే విజిటింగ్ కార్డు మందం ఖాళీ పెట్టు, మే నెల మధ్యాహ్నం పరిస్తే అక్కర్లేదు. కరెంటు ఆగుతుందని భయపడకు, ప్రతి ముక్కకీ కింద నుంచి విడిగా వైరు ఇచ్చుకో. బల్ల కింద చట్రం చెక్క పచ్చిదైతే అదీ ఎండి కుంచించుకుపోతుంది, చూసుకో.

ఇంకొకటి, హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు, అది విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) లెక్క. మన బ్రాడ్‌గేజి 1676, దాన్ని 87తో భాగిస్తే 19 పైన రావాలి. నీ గుడివాడ లైను ఎంత బాగా చేసినా నాలాంటివాడికి సన్నగా కనిపిస్తుంది. దానికి నువ్వేం చెయ్యలేవులే. మీటరు గేజి చేస్తే 12 మిల్లీమీటర్ల పట్టా దాదాపు సరిపోయేది, మా మాచర్ల బండి చెయ్యకూడదూ?

కొండపల్లి కోడలు

కంకర సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. మార్బుల్ కోసే చోట పడి ఉండే రవ్వ తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు. ముందు బాగా సన్నటి జల్లెడతో జల్లించి కింద పడే పిండి పారేయండి, పైన మిగిలినదాన్ని కాస్త పెద్ద కన్నాల జల్లెడలో వేస్తే కిందికి దిగేది మీకు పనికొచ్చే సైజు. కడిగి ఎండబెట్టి, పట్టాల మధ్య పాత బ్రష్‌తో సర్దండి. తర్వాత నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పిచికారీ చెయ్యాలి, అది లేకపోతే జిగురు ముత్యాల్లా పైనే నిలబడి రాళ్ళని ఈడ్చుకుపోతుంది. ఆ తడి మీద, సగం ఫెవికాల్ సగం నీళ్ళు, సూది లేని సిరంజితో చుక్కచుక్కగా. పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పట్టాలు) కదిలే చోట మాత్రం పొయ్యకండి, నేను పోసి రెండు పాయింట్లు పాడు చేసుకున్నా. రాత్రంతా వదిలెయ్యండి. ఆ 'పై తరగతి' వీడియోలో ఉండేది ఇంతే అయి ఉంటుంది.

గేటు గది, చెట్లు అవీ తెల్ల పొణికి చెక్కతో చేసుకోండి. కొండపల్లి బొమ్మలది అదే, చాకుకి వెన్నలా తెగుతుంది. అతుకులకి మా అత్తగారింట్లో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు, ఎండాక సాండ్‌పేపర్ పడితే గోడకి సున్నం కొట్టినట్టే ఉంటుంది.

సత్యనారాయణపురం గేటు

అందరికీ థ్యాంక్స్. బ్రాడీపేట తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే పదో తారీఖు సాయంత్రం మెసేజ్ వచ్చి ఉంది, పర్సనల్ లోన్‌కీ చీరల డిస్కౌంట్‌కీ మధ్య. మ్యాండేట్ రద్దు చేశా, రెండు నిమిషాలు పట్టింది. మెయిల్ పెడితే మర్నాడే జవాబు, సగం ధరకి కొనసాగుతారా అని! పిచ్చోడు తమ్ముడు చెప్పింది నిజమే. వద్దని మళ్ళీ రాశా. పన్నెండు తర్వాత కంకర వీడియో చూసిన మాట నిజం గనక 'చూడలేదు' అని రాయలేదు, 'చూడబోతే ఆపేశారు' అని రాశా. ఇంకా డబ్బు రాలేదు.

మాచర్ల బాబాయ్ గారూ, మీరన్నట్టు అన్ని జాయింట్లకీ సోల్డర్ కొట్టేశాను. నిన్న రెండు చోట్ల కరిగించి విప్పితే పట్టా టక్కుమని దానంతటదే సగం సర్దుకుంది. ఒక డౌటు: జాయింటు రెండు వైపులా ఎదురెదురుగా రావాలా, ఒకటి ముందూ ఒకటి వెనకా రావాలా?

మాచర్ల మీటరుగేజి

నిటారు లైన్లో ఎదురెదురుగా. వంపులో ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టుకో, మోడల్ పట్టా వంపులో జాయింటు దగ్గర మెడ విరిగినట్టు వస్తుంది. ఫోటో పెట్టు.