‘ఫ్లోరస్’ను తెలుగులో ఏమనాలి?

పదపీఠం: ఒక రసాయనశాస్త్ర వ్యాసం తెలుగు అనువాదంలో ఈ వాక్యం కనబడింది: “ఫ్లోరైడ్ ద్రావణాల్లో ఆక్సిజన్‌తో ఉత్ప్రేరక ఆక్సీకరణం.” మూలంలోని ‘ఫ్లోరస్ సాల్వెంట్స్’లో ‘ఫ్లోరస్’ అనే విశేషణాన్ని ఇలా ఫ్లోరైడ్ అనేయొచ్చా? ‘ఆక్సిజన్‌తో ఆక్సీకరణం’ పునరుక్తి కాదా?

గాజుకుప్పె: పునరుక్తి కాదండి. పర్మాంగనేటుతోనూ పెరాక్సైడుతోనూ ఆక్సీకరణం చేస్తారు కాబట్టి దేనితో అన్నది చెప్పి తీరాలి. తప్పులు మొదటి రెండు మాటల్లోనే ఉన్నాయి. ఫ్లోరైడ్ అంటే అయాను, విద్యుదావేశమున్న కణం. ఇక్కడ వాడే ద్రవాలు పెర్‌ఫ్లోరోడెకాలిన్, పెర్‌ఫ్లోరోమిథైల్ సైక్లోహెక్సేన్ లాంటివి. వీటిలో ఫ్లోరిన్ కార్బన్‌కు గట్టిగా అతుక్కుని ఉంటుంది, అయానుగా విడిపోదు. ఇక కరిగించుకునేది ద్రావణి, కరిగాక తయారయ్యేది ద్రావణం. బహువచనం ‘ద్రావణులు’ అని రాయాలి.

ఉభయాక్షరి: అయితే ‘ఫ్లోరినీకృత ద్రావణులు’ అంటే సరిపోదా? అర్థం నేరుగా ఉంది.

గాజుకుప్పె: సరిపోదు. హెక్సాఫ్లోరో ఐసోప్రొపనాల్ కూడా ఫ్లోరినీకృతమే, కానీ అది నీటిలో చక్కగా కలిసిపోయే ఆల్కహాల్. పెర్‌ఫ్లోరోడెకాలిన్ నీటితోనూ కలవదు, మామూలు ఉష్ణోగ్రతలో టోలుయీన్ లాంటి సేంద్రియ ద్రావణితోనూ కలవదు, వేరే పొరగా అడుగున నిలుస్తుంది. ‘ఫ్లోరస్’ అన్నది ఆ రెండో రకానికి మాత్రమే. 1994లో హోర్వాత్, రాబాయి అనే రసాయనశాస్త్రవేత్తలు ఈ మాటను ‘ఆక్వియస్’ (నీటికి సంబంధించిన)కు జోడీగా కట్టారు.

పదపీఠం: ఆక్వియస్‌ను మనం ‘జలీయ’ అంటాం కదా, ఆ లెక్కన ‘ఫ్లోరీయ’ అందామా?

ఉభయాక్షరి: స్మరణీయం, రమణీయంలా ‘ఫ్లోరిన్ చేర్చదగినది’ అని చదువుకుంటారేమో!

పదపీఠం: అది ధాతువు మీద వచ్చే ‘అనీయ’. ఇది నామం మీద వచ్చే ‘ఈయ’. పాణిని ఛ ప్రత్యయానికి ఈయ ఆదేశం చెప్పాడు కదా, అది. జాతీయ, ధ్రువీయ దీని చుట్టాలే. అన్యదేశ్యం (పరభాషా పదం) మీద సంస్కృత ప్రత్యయమా అని వ్యాకర్తలు మొహం చిట్లిస్తారు, నిజమే. కానీ ‘ఆక్సీకరణం’ను ఎప్పుడో మింగేశాం.

గాజుకుప్పె: నా ఓటు ఫ్లోరీయకే. ‘ఫ్లోరస్’ అని ఉంచేస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. ఫెర్రస్, క్యుప్రస్ చదివినవాళ్లు దాన్ని తక్కువ ఆక్సీకరణ స్థితి అనుకుంటారు. అసలే ఆక్సీకరణం గురించిన వ్యాసం!

ఉభయాక్షరి: ఉత్ప్రేరకం ఫ్లోరీయ పొరలోనే నిలిచేలా దానికి తగిలించే పొడవాటి ఫ్లోరిన్ గొలుసుల్ని ‘పోనీటెయిల్’ అంటారు. దానికి ‘జడ’ అని రాశాను.

గాజుకుప్పె: జడ అంటే రసాయనం వాళ్లకు జడవాయువులు గుర్తొస్తాయి. పైగా పోనీటెయిల్ అల్లింది కాదు. ‘పిలక’ అనండి, చక్కగా అతుకుతుంది. పిలక ఎంత ఉండాలన్నదీ రాయండి. అణువు బరువులో ఫ్లోరిన్ సుమారు 60 శాతానికి తగ్గితే ఉత్ప్రేరకం కొంత పైనున్న టోలుయీన్ పొరలోకి జారిపోతుంది. పిలకకూ లోహాన్ని పట్టుకునే భాగానికీ మధ్య రెండు మిథిలీన్లు (CH₂) అడ్డం పెట్టడం మామూలు. లేకపోతే ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను లాగేసి లోహం స్వభావాన్నే మార్చేస్తాయి.

పదపీఠం: పని జరిగే తీరు రెండు ముక్కల్లో చెబితే క్రియాపదాలు సరిచూసుకుంటాను.

గాజుకుప్పె: ఆల్డిహైడ్ నుంచి కార్బాక్సిలిక్ ఆమ్లం చేయడం తీసుకోండి. 1997లో క్నోఖెల్ బృందం నికెల్ ఉత్ప్రేరకంతో చూపించింది. (ఆక్సిజన్‌ను ‘ఆమ్లజని’ అన్న పాత మాట ఇక్కడ అక్షరాలా నిజం!) పిలకలున్న నికెల్ సంక్లిష్టం (కాంప్లెక్స్) పెర్‌ఫ్లోరోడెకాలిన్‌లో ఉంటుంది, ఆల్డిహైడ్ టోలుయీన్‌లో. ఆక్సిజన్ అందిస్తూ వేడిచేస్తారు. ఫ్లోరీయ ద్రవంలో అణువుల మధ్య పట్టు తక్కువ కాబట్టి వాయువు బాగా ఇముడుతుంది. 100 మి.లీ. పెర్‌ఫ్లోరోడెకాలిన్‌లో సుమారు 40 మి.లీ. ఆక్సిజన్ పడుతుంది, అదే నీటిలో 3 మి.లీ.కి అటూఇటూ. ద్రావణిలో కార్బన్-హైడ్రోజన్ బంధమే లేదు గనక అది తానుగా ఆక్సీకరణం చెందదు. టోలుయీన్‌కు మాత్రం ఆ భరోసా లేదు, దాని ఆవిరి ఆక్సిజన్‌లో భగ్గుమంటుంది. నిప్పురవ్వ దగ్గరికి రాకూడదు.

ఎక్కువమంది పొరపడేది వేడి దగ్గర. టోలుయీన్, పెర్‌ఫ్లోరోమిథైల్ సైక్లోహెక్సేన్ ఒకే ద్రవం కావాలంటే దాదాపు 89 డిగ్రీలు దాటాలి. రెండో దాని మరుగు ఉష్ణోగ్రత 76 డిగ్రీలే, కాబట్టి మూసిన పీడనపాత్ర కావాలి. లేదంటే రెండు పొరలతోనే, గట్టిగా కలియబెడుతూ నడపాలి. మెల్లగా కలియబెట్టి ‘చర్య జరగలేదు’ అంటే తప్పు ఉత్ప్రేరకానిది కాదు. చల్లార్చాక, పొరల్ని వేరుచేసే గరాటు కుళాయి తిప్పితే ముందు వచ్చేది ఫ్లోరీయ పొర, ఎందుకంటే దాని సాంద్రత 1.8–1.9 (నీటిది 1). కింది పొర నీరేననే అలవాటుతో పారబోస్తే ఉత్ప్రేరకమంతా దానితోనే పోతుంది. పైగా ఈ గొలుసులు ప్రకృతిలో విచ్ఛిన్నం కావు. దాచి మళ్లీ వాడాల్సిందే.

పదపీఠం: ఇలా రాస్తున్నాను: “వేడిచేస్తే రెండు ద్రవాలు ఒకదానిలో ఒకటి కరిగి ఒకే ప్రావస్థ (ఫేజ్) అవుతాయి, చల్లారిస్తే ఫ్లోరీయ ప్రావస్థ అడుగున విడిపోతుంది.”

ఉభయాక్షరి: ‘కరిగి’ వద్దు. వేడి మాట పక్కనే ఉంది కాబట్టి మంచు కరిగినట్టు చదువుకుంటారు. ‘కలిసి’ చాలు.