వరిలో అగ్గితెగులు: పక్క మడిలో వస్తే మనం ముందే మందు కొట్టాలా?

పాలకొండ వరి:
కొట్టీయాలి. అగ్గితెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్ మందు పనిచేసే తీరే అంత. శిలీంధ్రం ఆకు పొరని గుచ్చుకుని లోపలికి దిగాలంటే ఒక నల్లరంగు పదార్థం కావాలి, ఈ మందు దాన్ని తయారవనివ్వదు. లోపలికి దిగిపోయాక దీంతో పెద్ద ఉపయోగం లేదు. నూలుకండె మచ్చ (నడుము లావుగా, రెండు కొసలూ సన్నగా ఉండేది) మన కంట పడేసరికే తెగులు సోకి నాలుగైదు రోజులు. ఆ మచ్చ ఒక్కటే రెండు వారాలపాటు రోజుకి వేలల్లో బీజాలు గాలికొదుల్తుంది.

గజపతినగరం:
బీజం వచ్చి పడగానే తెగులు రాదు కదండీ. ఆకు ఎనిమిది, పది గంటలు తడారకుండా ఉండాలి, రాత్రి చల్లబడాలి. ఆగస్టులో మన దగ్గర రాత్రుళ్లూ ఉక్కే. పిలకల దశలో పక్క మడి చూసి ఎకరాకి 120 గ్రాముల మందు పోయడం దండగ. ముందు యూరియా ఆపండి. నత్రజని ఎక్కువైన చేను గుబురెక్కి, పొద్దెక్కినా మంచు ఆరదు. మందులషాపు వాళ్లు ఇది చెప్పరు.

రాగోలు రోడ్డు:
పిలకల దశ వరకే ఆ మాట. పొట్ట దాటాక నేను పాలకొండ పక్షం. మెడవిరుపు (అగ్గితెగులు కంకి మెడకి సోకడం) కనబడిందంటే ఆ కంకి పోయినట్టే, ఏ మందూ తాలుని గింజ చెయ్యదు. సాంబ మసూరికి అగ్గితెగులు తట్టుకునే శక్తి లేదు. పైగా 150 రోజుల పంట. ఉభాలు (నాట్లు) ఆలస్యమైతే ఈనిక (కంకి బయటికొచ్చే దశ) అల్పపీడనం ముసుర్లకీ, ఆ వెనక మంచుకీ సరిగ్గా దొరుకుతుంది. కంకులు అక్కడక్కడా తొంగిచూస్తున్నప్పుడే ట్రైసైక్లజోల్ లీటరుకి 0.6 గ్రాములు, ఎకరాకి 200 లీటర్ల నీళ్లు. పొద్దున్న పూత విచ్చే వేళ వద్దు, మూడు దాటాక కొట్టండి. మచ్చలు అప్పటికే ఉంటే ఐసోప్రోథయోలేన్ అనే మందు, లీటరుకి 1.5 మి.లీ.

బొబ్బిలి చోడి:
గట్టవతల చోడి (రాగి) చేనంతా అగ్గితెగులే. అది వరికి రాదేటి?

రాగోలు రోడ్డు:
శిలీంధ్రం జాతి ఒకటే గానీ చోడి మీది రకం మామూలుగా వరిని పట్టదు. గట్టు మీద కుప్పేసిన నిరుటి తెగులు గడ్డినీ, తెగులు పడిన చేలోంచి తీసిన విత్తనాన్నీ అనుమానించండి. ఆకుమడికి ముందే లీటరు నీళ్లకి గ్రాము కార్బెండజిమ్ కలిపి విత్తనాన్ని 24 గంటలు నానబెడితే విత్తనం దారి చాలావరకు మూసుకుంటుంది.

పాలకొండ వరి:
పిలకల దశలోనే ముసురు పట్టినా ఆగమంటారా?

గజపతినగరం:
రెండు రాత్రులు వరసగా ముసురుపట్టి, పై ఆకుల మీద బూడిదరంగు నడుముతో కొత్త మచ్చలొస్తే కొట్టండి, కాదనను. ఆకు కొసనుంచి అంచు వెంబడి ఎండుతుంటే మాత్రం ఆగండి. అది ఎండాకు తెగులు, బాక్టీరియా. దానిమీద ట్రైసైక్లజోల్ నీళ్లతో సమానం.