డయాలసిస్‌లో ఉన్న నాన్నకి కొలెస్ట్రాల్ మాత్ర వెయ్యాలా?

శ్రీను_గాజువాక:
నాన్నకి ఇరవై ఏళ్లుగా షుగర్. ఏడాదిగా వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 128 వచ్చిందని కొత్త డాక్టరుగారు అటోర్వాస్టాటిన్ 20 రాశారు. పాతాయన ఎప్పుడూ రాయలేదు. మా బావేమో ‘కొవ్వు తగ్గితే కిడ్నీ బాగుపడుతుంది’ అంటాడు. ఏం చెయ్యమంటారు?

పద్మజ_ఫార్మసీ:
అచ్చం మీ నాన్నగారిలాంటి వాళ్లమీదే జర్మనీలో ట్రయల్ చేశారండీ, 4డి అని. షుగర్, డయాలసిస్ రెండూ ఉన్న 1,255 మంది. ఇదే మందు, ఇదే డోసు. ఎల్‌డీఎల్ బాగానే దిగింది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి లెక్కేస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అది 2005. 2009లో 2,776 మంది డయాలసిస్ రోగులతో అరోరా ట్రయల్, అదే స్టాటిన్ జాతి మందు రోసువాస్టాటిన్‌తో. అదీ అంతే. అందుకే డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ పెట్టొద్దనీ, ముందునుంచీ వాడుతుంటే ఆపక్కర్లేదనీ కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ 2013 మార్గదర్శకాలు సూచించాయి.

రవి_బయోకెమ్:
మందు సంగతి సరే, వాళ్ల బావ మాట మరీ కొట్టిపారేసేది కాదు మేడమ్. కొవ్వు కిడ్నీని దెబ్బతీస్తుందని మూర్‌హెడ్ బృందం 1982లోనే ప్రతిపాదించింది. కొన్ని కిడ్నీ బయాప్సీ స్లైడుల్లో రక్తం వడకట్టే గుత్తుల్లోనే నురుగు కణాలు కనిపిస్తాయి. మాక్రోఫేజ్ అనే రక్షక కణం పాడైన ఎల్‌డీఎల్‌ని మింగుతుంది, చాలు అనుకోవడం దానికి తెలీదు. స్లైడు తయారుచేసేటప్పుడు ఆ కొవ్వు ద్రావకాల్లో కరిగిపోయి బొక్కలు మిగులుతాయి. సబ్బు నురుగు చూసినట్టే ఉంటుంది. ఇవి సంకేతాలు పంపి మరిన్ని కణాల్ని రప్పిస్తాయి. వాపు, ఆ తర్వాత మచ్చ.

పద్మజ_ఫార్మసీ:
నురుగు కణాలు లేవని నేననలేదు. ముందొచ్చింది ఏదని? నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బులో ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ మూత్రంలో పోతుంటే, లివర్ కొవ్వుని మోసే లైపోప్రొటీన్లు ఎక్కువ తయారుచేస్తుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అక్కడ ముందు చెడింది కిడ్నీయేగా! ఇక 2011లో వచ్చిన షార్ప్ ట్రయల్ చూడండి. తొమ్మిది వేల పైచిలుకు కిడ్నీ రోగులకి సిమ్వాస్టాటిన్, ఎజెటిమైబ్ అనే రెండు కొలెస్ట్రాల్ మందులు కలిపి ఇచ్చారు. కొవ్వు పేరుకుని వచ్చే గుండె, రక్తనాళాల ముప్పులు 17% తగ్గాయి. కిడ్నీ చెడిపోవడం మాత్రం నెమ్మదించలేదు.

సోంపేట_చిన్నోడు:
మా ఉద్దానంలో షుగర్ లేనోళ్లకే కిడ్నీలు పోతన్నాయి. అక్కడ కొలెస్ట్రాల్ ఏటి చేసిందండీ?

రవి_బయోకెమ్:
అది వేరే దారి తమ్ముడూ. అక్కడ దెబ్బ ఎక్కువగా కిడ్నీలోని సన్నటి గొట్టాల దగ్గర, వాటి చుట్టూ ఉండే కణజాలంలో. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు, కొలెస్ట్రాల్ మీద తోసెయ్యలేం.

మేడమ్, సగం ఒప్పుకుంటా. స్టాటిన్ ముఖ్యంగా తగ్గించేది రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌నే. కిడ్నీ గొట్టాల కణాలకి కొవ్వే ప్రధాన ఇంధనం. ఆ పొయ్యి సరిగా మండకపోతే లోపల కొవ్వు చుక్కలు మిగిలిపోయి, మచ్చ కట్టడం పెరుగుతుందని 2015లో ఎలుకల్లో చూపించారు. మాత్ర ఓడిపోయిందని సిద్ధాంతాన్నీ పాతరేస్తే ఎలా?

పద్మజ_ఫార్మసీ:
పాతరెయ్యను. కానీ ఎలుకని చూసి శ్రీనుగారి నాన్నకి మాత్ర ఇవ్వను.

శ్రీను_గాజువాక:
ఒకటి చెప్పడం మర్చిపోయా. అయిదేళ్ల కిందట నాన్నకి స్టెంట్ వేశారు. అప్పట్లో రాత్రిపూట ఏదో కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవారు. మధ్యలో ఎందుకో మానేశారు.

పద్మజ_ఫార్మసీ:
అయ్యో, అసలు సంగతి ఇప్పుడా చెప్పేది! డయాలసిస్‌కి ముందే వాడారంటే లెక్క మారొచ్చు. ఆ పాత చీటీ వెతకండి. ఎప్పుడు మానేశారో, ఎవరు మానమన్నారో రాసుకుని, స్టెంట్ కాగితాలతో సహా కొత్త డాక్టరుగారి ముందు పెట్టండి.

శ్రీను_గాజువాక:
అమ్మ బీరువాలో ఉంటాయి మేడమ్. రేపు డయాలసిస్‌కి తీసుకెళ్తా.