అప్రైజల్‌లో రీల్స్‌కు మార్కులు: పరిశోధనలు ఏమంటున్నాయి?

ప్రశ్న: గుంటూరు, బట్టల షోరూమ్ ఫ్లోర్ మేనేజర్

పట్టుచీరల అంతస్తు నా బాధ్యత. దూరవిద్యలో ఎంబీఏ చదువుతూ, ప్రాజెక్టుకు ఉద్యోగుల పనితీరు మదింపు, సోషల్ మీడియా అనే అంశం ఎంచుకున్నాను. కారణం మా షోరూమ్‌లో జరిగినదే.

ఈ ఏడాది అప్రైజల్ ఫారంలో ఒక కొత్త గడి చేర్చారు: షోరూమ్ రీల్స్‌ను సొంత ఖాతాలో ఎన్నిసార్లు పంచుకున్నారు అని. మా కౌంటర్లో 11 ఏళ్లుగా ఉన్న ఒక అక్క దగ్గర ఉన్నది బటన్ల ఫోను. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు ఆమె ఎక్కడుందో కనుక్కుని మరీ వచ్చి కూర్చుంటారు. నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయినా విసుక్కోదు. మడతలు పెడుతూనే తరవాతివాళ్లను పలకరిస్తుంది. ఆమెకు మొత్తం మీద 5కి 2 వచ్చింది. రీల్స్ బాగా పంచే కుర్రాడికి 4. ఆ ఫారాల మీద సంతకం చేసింది నేనే. రెండు వారాలుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

సోషల్ మీడియా చూసి పనితనాన్ని కొలవవచ్చా? చదివినవారు చెప్పండి.

జవాబు: వరంగల్, విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు

అమ్మా, వాన్ ఇడెకింగ్ బృందం వ్యాసం ముందు చదవండి. 2016లో జర్నల్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో వచ్చింది. అమెరికాలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థుల ఫేస్‌బుక్ పేజీలకు నియామక అధికారులతో మార్కులు వేయించారు. వాళ్లు ఉద్యోగాల్లో చేరాక పైఅధికారులు ఇచ్చిన రేటింగులతో పోల్చి చూస్తే పొంతన కుదరలేదు. పైగా ఆ మార్కులు మహిళల వైపు, తెల్లజాతివారి వైపు మొగ్గాయి. అయితే 2012లో క్లంపర్ బృందానికి ఫేస్‌బుక్ ద్వారా అంచనా వేసిన వ్యక్తిత్వానికీ పనితీరుకూ కొంత సంబంధం కనిపించింది. దాన్నీ రాయండి, ఒక పక్షమే రాస్తే పరిశోధన కాదు.

ఇంకొకటి. 1920లోనే మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ సైనికాధికారుల రేటింగులు పరిశీలించి, ఒక గుణం నచ్చితే మిగతా గుణాలకూ మార్కులు పెరుగుతున్నాయని చూపించారు. ఆ కుర్రాడికి రీల్స్ గడిలోనే ఎక్కువ వచ్చిందా, మిగతా గడుల్లోనూ పెరిగిందా?

జవాబు: హైదరాబాద్, మానవ వనరుల విభాగం ఉద్యోగిని

షోరూమ్ పేజీని నడపడమే ఉద్యోగమైతే ఆ లెక్క న్యాయమే. చీరలు అమ్మేవారి సొంత ఫోనును, సొంత ఖాతాను కొలతలోకి తేవడం నాకు అస్సలు సమ్మతం కాదు. ఇంతకూ ఆ రేటింగ్ ఆమెకు చూపించారా? ప్రభుత్వ ఉద్యోగుల వార్షిక నివేదికలో రాసే ప్రతి వ్యాఖ్యనూ వారికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు దుకాణానికి ఆ తీర్పు నేరుగా వర్తించదు, కానీ అందులోని న్యాయం మీ దగ్గర పనికిరాకుండా పోదు.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, ఫారాలు మళ్లీ తీశాను. 'కొనుగోలుదారులతో ఓర్పు' అనే గడిలో కూడా కుర్రాడికి 4, అక్కకు 2. ఆ అంకెలు వేసింది పైఅంతస్తు ఆఫీసువాళ్లు. మా కౌంటర్ దగ్గర ఒక్క పూటైనా నిలబడినవాళ్లు కాదు. ప్రతి బిల్లు మీద అమ్మినవారి నంబరు ఉంటుంది కాబట్టి, ఆరు నెలల బిల్లులు తీసి రేటింగుల పక్కన పెడతాను. ప్రాజెక్టు అక్కడి నుంచే మొదలవుతుంది.

మేడమ్, అక్కకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు. రేపు ఉదయం షట్టరు తెరవగానే నేనే తీసుకెళ్లి చూపిస్తాను.