అప్‌డేట్: డ్రాగ్ కారు వెనక ఫ్రేముకు రెండు మందాలూ వాడుతున్నాం

డ్రాగ్ కారు (తిన్నని ట్రాకుపై కొద్ది దూరం వేగపు పందేలకు వాడేది) వెనక ఫ్రేముకు గోడ మందం 2 మిల్లీమీటర్లున్న గొట్టం చాలా, 3 కావాలా అని ఇంతకుముందు అడిగాను కదా. మీ సలహాలన్నీ చదివి వరంగల్ ఆటోనగర్‌లో పని మొదలుపెట్టించాను.

ఇరుసుకు ముందు, ఫోర్ లింక్ (ఇరుసును ఫ్రేముకు కలిపే నాలుగు కడ్డీల అమరిక) బ్రాకెట్లు అతికే 75×50 మిల్లీమీటర్ల బాక్సు గొట్టాలకు 3 మిల్లీమీటర్లే. పందెం మొదట్లో కారు ఒక్కసారిగా ముందుకు దూకేటప్పుడు భారమంతా బ్రాకెట్ ఉన్నచోటే పడుతుంది. గొట్టం మొత్తం వంగేలోపే అక్కడి గోడ సొట్టపోతుంది. అందుకే బ్రాకెట్ కింద 5 మిల్లీమీటర్ల ప్లేటు కూడా వేయించాను. ఇరుసు వెనక, బంపరు మోసే భాగానికి మాత్రం 2 చాలు. మీటరు బరువు దాదాపు 5.5 కిలోల నుంచి 3.7కు దిగుతుంది, వెనక చివర అది తక్కువేమీ కాదు.

క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) వాడమన్నవాళ్లకు ఒక మాట. దాని బలం ఎక్కువే, కానీ బిగువు (భారానికి వంగకుండా నిలిచే గుణం) మామూలు ఉక్కుతో దాదాపు సమానం. వంపు తగ్గాలంటే గొట్టం సైజు పెంచాలి. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, రోల్ కేజ్‌కి (కారు బోల్తాపడితే డ్రైవర్ను కాపాడే గొట్టాల చట్రం) గోడ మందం మామూలు ఉక్కయితే 0.118 అంగుళాలు, క్రోమోలీ అయితే 0.083 చాలంటుంది. ఆ సడలింపు బలం ఎక్కువని ఇచ్చింది, బిగువు ఎక్కువని కాదు.

కొనేముందు వెర్నియర్ (మందం కొలిచే పరికరం) తీసుకెళ్లండి. ఒక దుకాణంలో 3 అని చూపించిన గొట్టం, కోసిన అంచు ఆకురాయితో రుద్ది కొలిస్తే 2.6 వచ్చింది. జింకు పూత గొట్టం చవక అంటే మా వెల్డరు ఒప్పుకోలేదు: "సార్, వెల్డింగులో వచ్చే ఆ జింకు పొగ పీల్చేది నేను."

ఇరుసు అమర్చాక కొలతలు పెడతాను.