అభిప్రాయాలు చాలా వస్తున్నాయి, ఒకదానికొకటి పొంతన లేదు: నా హౌస్ ట్రాక్‌లో అసలు ఏం సరిచేయాలి?

హనుమకొండ_సింథ్

అందరికీ నమస్కారం. పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఎలక్ట్రానిక్ సంగీతం కూర్చుకునే ఔత్సాహికుణ్ని నేను. ప్రస్తుతం చేస్తున్నది 124 బీపీఎం (నిమిషానికి 124 బీట్లు) వేగంతో, ఎఫ్-షార్ప్ మైనర్ స్కేల్‌లో సాగే హౌస్ (డ్యాన్స్ సంగీతంలో ఒక శైలి) ట్రాక్. మా అమ్మమ్మగారి ఊళ్లో బోనాల ఊరేగింపులో ఫోనుతో రికార్డు చేసుకున్న డప్పు అందులో 1:20 దగ్గర మొదలై చివరిదాకా నడుస్తుంది. లింకు కింద పెట్టాను.

దీన్ని పదిమందికీ వినిపించాను కానీ, వచ్చిన అభిప్రాయాలతో ఏం చేయాలో పాలుపోవడం లేదు. స్నేహితులు "సూపర్‌గా ఉంది" అని ఊరుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక విదేశీ ప్రొడ్యూసర్ 1:20 తర్వాత మిక్స్ అంతా అలుక్కుపోయిందని, మధ్య ఫ్రీక్వెన్సీలు తగ్గించమని రాశారు. పెళ్లి బరాత్‌లకు డీజే వేసే మా బావ అదే చోట ఊపు తగ్గిందని, కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) పెంచమని అన్నాడు. మా చెల్లెలు కారులో విని బేస్‌తో తలనొప్పి వస్తోందని చెప్పింది. నా గదిలో మాత్రం ఆ బేస్ ఇంకా చాలనట్టే వినిపిస్తుంది.

గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. స్పీకర్లు 10 అడుగుల గోడకు ఆనుకుని ఉన్నాయి, నేను దాదాపు గది మధ్యలో కూర్చుంటాను. వీరిలో ఎవరి మాట పట్టుకోవాలి? ఇకముందు పనికొచ్చే అభిప్రాయం రాబట్టాలంటే ఎవరిని, ఏమని అడగాలి?

తిశ్రగతి

హనుమకొండ_సింథ్ గారూ, ట్రాక్‌ను రెండు రకాల హెడ్‌ఫోన్లతో విన్నాను. డప్పు వచ్చేదాకా మీరు కట్టిన ఎదురుచూపు నాకు ఎంతో నచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ విదేశీ మిత్రుడు, మీ బావ చెప్పినవి పరస్పర విరుద్ధాలని నాకు అనిపించడం లేదు. ఇద్దరూ వేలు పెట్టి చూపించింది ఒకే చోటు. ఆ చోటు విషయంలో ఇద్దరినీ నమ్మవచ్చు. మందు మాత్రం ఎవరి అలవాటు కొద్దీ వారు రాశారు. మిక్సింగ్ చేసేవారికి ఇబ్బంది ఏదైనా ఈక్యూలో (ఫ్రీక్వెన్సీల సర్దుబాటులో) కనిపిస్తుంది, బరాత్‌లో జనాన్ని ఆడించేవారికి కిక్‌లో కనిపిస్తుంది.

నా చెవికి ఇది నడకకు సంబంధించిన చిక్కు. మీ డప్పు తిశ్రంలో నడుస్తోంది, అంటే ఒక్కో బీటు మూడు భాగాలవుతోంది. మీ హైహ్యాట్లు (డ్రమ్ సెట్‌లోని కంచు పళ్లేల దెబ్బలు), సింథ్ ఆర్పెజియో (ఒకదాని తర్వాత ఒకటిగా మోగే సింథసైజర్ స్వరాలు) చతురశ్రంలో ఉన్నాయి, బీటుకు నాలుగు. 124 బీపీఎంలో ఒక బీటు నిడివి సుమారు 484 మిల్లీసెకన్లు. హైహ్యాట్ రెండో దెబ్బ 121 దగ్గర పడితే డప్పు రెండో దెబ్బ 161 దగ్గర పడుతుంది. డప్పు మూడోది 323 దగ్గర పడితే హైహ్యాట్ నాలుగోది 363 దగ్గర పడుతుంది. అంటే ప్రతి బీటులోనూ రెండుసార్లు, కేవలం 40 మిల్లీసెకన్ల ఎడంతో, రెండు పదునైన శబ్దాలు ఒకదాని వెన్నంటి ఒకటి వస్తున్నాయి. అంత దగ్గరగా పడినప్పుడు చెవి వాటిని రెండు లయలుగా విడదీసుకోవడం కష్టం. ఒకే దెబ్బ తడబడినట్టు వింటుంది. దాన్నే ఒకరు అలుక్కుపోవడం అన్నారు, మరొకరు ఊపు తగ్గడం అన్నారు.

నాలుగు మీద మూడు నడపకూడదని కాదు. కచేరీలో తనియావర్తనంలో (తాళవాద్యాల వంతులో) గతిభేదం (నడక మార్పు) కోసమే చెవులు రిక్కించి కూర్చుంటాం. కానీ అక్కడ తాళం మన చేతిలోనే ఉంటుంది, కొత్త గతి స్థిరపడేంత వ్యవధి కూడా ఇస్తారు. మీ ట్రాక్‌లో రెండు గతులూ ఒకే క్షణంలో, ఒకే గట్టితనంతో వచ్చి పడుతున్నాయి.

ఈక్యూను ముట్టుకోకముందే ఒక పని చేయండి. 1:20 నుంచి హైహ్యాట్లను, ఆర్పెజియోను మ్యూట్ చేసి, కిక్, బేస్, డప్పు మాత్రమే వినండి. అక్కడ గాలి ఆడినట్టు అనిపిస్తే, ఎఫ్ఎల్‌లో స్నాప్‌ను (దెబ్బలను కాల గీతలకు అతికించే అమరికను) బీటులో మూడో వంతుకు మార్చి హైహ్యాట్లను డప్పు నడకకు తగ్గట్టు మళ్లీ వేసుకోండి. డప్పును మాత్రం గ్రిడ్‌కు (ఆ సమాన కాల గీతలకు) బిగించకండి. ఒక చేతిలో సిర్ర, మరో చేతిలో చిటికెన పుల్ల పట్టుకుని వాయించేటప్పుడు ఆ రెండు దెబ్బల మధ్య వచ్చే చిన్న ఎడమే ఆ వాయిద్యానికి ప్రాణం. దాన్ని సమం చేస్తే మిగిలేది ఏ శాంపిల్ ప్యాక్‌లోనైనా దొరికే శబ్దమే.

మిక్స్‌గది

లయ గురించి తిశ్రగతి గారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తూ, బేస్ సంగతి నేను చెబుతాను. మీ చెల్లెలి చెవులకు వినిపించినదే నిజం, మీ గది మీకు నిజం చెప్పడం లేదు.

ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, 12 అడుగుల పొడవున్న గదిలో, అంటే 3.66 మీటర్లలో, మొదటి స్థిర తరంగం (గోడల మధ్య నిలిచిపోయే ధ్వని) సుమారు 47 హెర్ట్జ్ దగ్గర ఏర్పడుతుంది. దాని పీడనం రెండు గోడల దగ్గర అత్యధికంగా, సరిగ్గా మధ్యలో దాదాపు శూన్యంగా ఉంటుంది. మీ ట్రాక్ ఎఫ్-షార్ప్‌లో ఉందన్నారు. మీ బేస్ ఎక్కువసేపు నిలిచే కింది ఎఫ్-షార్ప్ 46 హెర్ట్జ్ పైచిలుకు. అంటే మీ ట్రాక్‌కు ఆధారమైన స్వరం సరిగ్గా ఎక్కడ వినిపించదో అక్కడే మీ కుర్చీ ఉంది. చాలడం లేదని మీరు పెంచినకొద్దీ కారులో అది విరుచుకుపడుతుంది. సిమెంటు గోడల గదుల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. కుర్చీని ముందు గోడకు నాలుగున్నర అడుగుల దూరానికి జరిపి, ఒక్క ఆ స్వరాన్నే సైన్ తరంగంగా (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధ స్వరంగా) మోగిస్తూ అటూ ఇటూ నడిచి చూడండి. శబ్దం పెరగడం, మాయం కావడం మీ చెవులకే తెలుస్తుంది. కింది స్వరాల విషయంలో తుది నిర్ణయం మాత్రం హెడ్‌ఫోన్లలో విన్నాకే తీసుకోండి.

వినే స్థాయి కూడా తీర్పును మారుస్తుంది. చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా వినదని, శబ్దం తగ్గినకొద్దీ కింది స్వరాలు ఇంకా బలహీనంగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. రాత్రిపూట ఇంట్లోవారికి ఇబ్బంది కలగకుండా తక్కువ శబ్దంలో మిక్స్ చేసేవారు బేస్ పెంచేయడానికి ఇదొక పెద్ద కారణం.

పేరున్న ట్రాక్‌తో పోల్చేటప్పుడు రెంటి లౌడ్‌నెస్ సమం చేయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి, ఎందుకంటే ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగినా అదే మెరుగ్గా ఉన్నట్టు చెవికి అనిపిస్తుంది. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ ఇందుకు సరిపోతుంది. లిమిటర్‌ను (శబ్దం హద్దు దాటకుండా నొక్కిపెట్టే ప్లగిన్‌ను) గట్టిగా బిగించి పోటీ పడాల్సిన అవసరమూ లేదు. స్పాటిఫై మామూలుగా వినిపించేటప్పుడు ట్రాకులన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (లౌడ్‌నెస్ కొలమానం) చుట్టూ సర్దుతుంది, కాబట్టి మీరు నలిపి పెంచిన శబ్దం అక్కడ మళ్లీ తగ్గిపోతుంది, నలిగిన మచ్చలు మాత్రం అలాగే ఉండిపోతాయి.

గీత_మాడ్యులర్

ఎవరిని, ఏమని అడగాలన్న మీ రెండో ప్రశ్నకు నేను జవాబు రాస్తాను, ఎందుకంటే ఏళ్ల తరబడి ఒంటరిగా సంగీతం చేసుకునేవారిని నిరుత్సాహపరిచేది సరిగ్గా ఇదే అని నా నమ్మకం.

"ఎలా ఉంది?" అని అడిగితే స్నేహితులు మర్యాదకు జవాబిస్తారు, సంగీతానికి కాదు. వారిని తప్పుపట్టలేం. వారిని విశ్లేషణ అడగకుండా, ఎక్కడ ధ్యాస చెదిరిందో, ఎక్కడ ముందుకు జరపాలనిపించిందో మాత్రమే అడగండి. దానికి సంగీతం తెలియనక్కర్లేదు. ఇంకా మంచిది, వారు వింటుంటే పక్కన కూర్చుని గమనించడం. చేయి ఫోను మీదికి పోయిన క్షణం ఏ నిమిషంలో వచ్చిందో రాసుకుంటే, వారి నోటి నుంచి వచ్చే ఏ మెప్పు కన్నా అది ఎక్కువ చెబుతుంది. మీ బావగారి లాంటివారు దొరకడం అదృష్టం: జనం కాళ్లు ఎక్కడ ఆగుతాయో రోజూ చూసే మనిషి ఆయన. మీ ట్రాక్‌ను రెండు పాటల మధ్య ఏమీ చెప్పకుండా వేయమని అడగండి.

సాటి ప్రొడ్యూసర్లను అడిగేటప్పుడు ఒకే ప్రశ్న, నిమిషాలతో సహా అడగండి. "1:20 నుంచి 1:50 వరకు డప్పు, హైహ్యాట్లు కలిసి నడుస్తున్నాయా?" అని అడిగితే వచ్చే జవాబుకు, "మిక్స్ ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబుకు పోలికే ఉండదు. మార్పు చేశాక పాతది, కొత్తది ఏదో చెప్పకుండా, ఒకే లౌడ్‌నెస్‌లో రెండూ పంపండి. వాట్సాప్‌లో పంపితే వేవ్ ఫైలును (కుదించని ఆడియోను) డాక్యుమెంటుగా జతచేయండి.

ఇతరుల ట్రాకుల మీద మీరు కూడా ఇదే పద్ధతిలో రాయండి. తన ట్రాక్‌లో అలవాటైపోయిన లోపం ఎదుటివారి ట్రాక్‌లో ఇట్టే వినిపిస్తుంది, ఒకసారి వినిపించాక సొంత ట్రాక్‌లో కూడా దాగదు.

హనుమకొండ_సింథ్

ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. హైహ్యాట్లు, ఆర్పెజియో ఆపగానే డప్పు ఒక్కసారిగా ముందుకొచ్చింది. హైహ్యాట్లను తిశ్రంలో మళ్లీ వేశాను, ఆర్పెజియోను 1:20కి ముందు భాగానికే పరిమితం చేశాను. కుర్చీ జరిపాక ఆ ఎఫ్-షార్ప్ ఎంత పెద్దగా ఉందో వినిపించింది. 4 డెసిబెల్స్ తగ్గించి మా చెల్లెలికి పంపితే, ఇప్పుడు కారులో హాయిగా ఉందని చెప్పింది. ఏది కొత్తదో చెప్పకుండానే పంపాను.

ఇంకా రెండు సందేహాలున్నాయి. డప్పు శబ్దం పెంచితే దానితోపాటు ఊరేగింపు కేకలు, ఈలలు కూడా పెరుగుతున్నాయి. దాన్ని శుభ్రం చేసుకోవాలా, మళ్లీ రికార్డు చేయాలా? అలాగే, అభిప్రాయాలు అడగడం ఎక్కడ ఆపాలి?

తిశ్రగతి

రెండోదానికి ముందు జవాబిస్తాను. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే చోట ఆగితే ఆ చోటును తప్పక తెరిచి చూడండి. ఒక్కరే చెప్పినది రుచికి సంబంధించినదైతే రాసి పెట్టుకుని, తర్వాతి ట్రాక్‌లో అదే మాట మళ్లీ వస్తుందేమో గమనించండి. కొత్తగా అడిగినవారు ఎవరూ ఒకే చోట ఆగడం లేదంటే ఈ ట్రాక్‌ను విడుదల చేసి ఇంకోటి మొదలుపెట్టవచ్చు.

డప్పును మళ్లీ రికార్డు చేయండి. ఫోన్లు చాలావరకు పెద్ద దెబ్బను తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచేస్తాయి కాబట్టి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండాల్సిన తేడా మీ ఫైలులో ఇప్పటికే పోయి ఉంటుంది. ఏ ప్లగిన్ కూడా దాన్ని పూర్తిగా తిరిగి తేలేదు. ఊరేగింపు హోరును ట్రాక్ మొదట్లో వాతావరణం కోసం ఉంచుకోండి, చాలా బాగుంది. కొత్త రికార్డింగుకు 24 బిట్‌లో, అతి పెద్ద దెబ్బ కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా స్థాయి పెట్టుకుని, మైకును మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంచండి. డప్పును మంట దగ్గర కాచినప్పుడు తోలు బిగిసి శబ్దం పైకి లేస్తుంది, చల్లారేకొద్దీ కిందికి జారుతుంది. ఒకే వేడిలో తీసుకున్న దెబ్బలనే ఒక విభాగంలో వాడితే పొరలన్నీ కలిసిపోతాయి. కళాకారుల చెవిలో క్లిక్ పెట్టి ఇబ్బంది పెట్టకుండా వారి నడకలోనే వాయించనిచ్చి, ప్రాజెక్టు టెంపోనే వారికి తగ్గట్టు సర్దుకోండి.

వీలైతే ఆ ఊరేగింపులో వాయించినవారినే పిలవండి. వచ్చిన రోజుకు తగిన పారితోషికం ఇచ్చి, వారి వాయిద్యాన్ని ఎక్కడెక్కడ, ఎలా వాడబోతున్నారో ముందే వినిపించి, రెండు వాక్యాల్లోనైనా ఒప్పందం రాసుకోండి. విడుదల చేసేటప్పుడు వారి పేర్లను ట్రాక్ వివరాల్లో కళాకారులుగా, మీ పేరు పక్కనే చేర్చండి.