పైన్ చెక్కకు స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) మచ్చలు పడకుండా సమంగా పట్టాలంటే ఏం చేయాలి?

మాది విజయవాడ. పుస్తకాల అర కోసం కొన్న పైన్ పలకల్లో ఒక తుంపు ముక్కను 120, 180 నంబరు ఎమరీ కాగితాలతో చారల వెంబడే రుద్ది, టేకు రంగు స్టెయిన్ పూసి చూశాను. మెత్తగా ఉండే వెడల్పు చారలు రంగును విపరీతంగా పీల్చుకుని నల్లబడగా, వాటి పక్కనున్న గట్టి చారలు పాలిపోయినట్లు మిగిలాయి. అడ్డంగా కోసిన అంచులైతే కాలినట్లే కనిపిస్తున్నాయి. నాన్న పుస్తకాలు పెట్టబోయే అర కాబట్టి అసలు పలకలను ఇలా పాడుచేయలేను. స్పిరిట్‌లో పలుచగా కరిగించిన లక్కను ముందుగా ఒక పూత వేసి, ఆరాక 220 నంబరు కాగితంతో తేలికగా రుద్దితే రంగు సమంగా పడుతుందని చదివాను. అందుకు మైనం తీసిన లక్కే కావాలా, లేక చిక్కటి జెల్ స్టెయిన్ వాడటమే మేలా? కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరి ఉక్కపోతలో పూతకూ పూతకూ మధ్య ఎంతసేపు ఆగాలో కూడా అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.